కంప నుంచి జాలీ దాకా: మన పెరటి కంచె చరిత్ర



ఈ వార్షిక నివేదికలో పొదుపు లెక్కలున్నాయి, బ్యాంకు లింకేజీ ఉంది, రికవరీ శాతం ఉంది. కోళ్ళకు, మేకలకు, గొర్రెలకు ఎంతమంది అప్పు తీసుకున్నారో కూడా ఉంది. కానీ ఒక లెక్క ఏ పట్టికలోనూ దొరకదు. రాత్రికి రాత్రి మాయమైన కోళ్ళు, పొద్దున్నే దొడ్డిలో గొంతు తెగి పడి ఉన్న మేకపిల్లలు ఏ గడిలోకీ ఎక్కవు. ఆ నెల ఆ అక్క వాయిదా కట్టలేకపోతే "బకాయి" అని మాత్రం రాస్తాం. ఎందుకు బకాయి పడిందో అడిగితే గుంటనక్క వచ్చిందనో, బావురుపిల్లి దూరిందనో చెబుతుంది. వింటాం, అయ్యో అంటాం, తర్వాతి పేరు పిలుస్తాం.

పొలం పంట డబ్బు ఇంటిల్లిపాదిదీ. గుడ్ల డబ్బు, పుంజును అమ్మిన డబ్బు, మేకపోతును అమ్మిన డబ్బు మాత్రం చాలా ఇళ్ళలో ఆడమనిషి చేతిలోకి నేరుగా వచ్చేది. పిల్లకు జ్వరమొస్తే, బడి ఫీజు కట్టాల్సి వస్తే, సంఘంలో వాయిదా దగ్గరపడితే ఎవరినీ అడక్కుండా తీసేది అందులోంచే. అందుకే పెరటి కంచె గురించి మాట్లాడటమంటే ఆ డబ్బు గురించి మాట్లాడటమే. మన పెద్దలు ఏ కంచె కట్టారు, అది ఎలా మారింది, ఏది నిలబడింది, ఏది నిలబడలేదు అన్నది తెలుసుకుంటే ఇప్పుడు ఏం చేయాలో మనకే అర్థమవుతుంది.

కంప, గంప, గూడు

మన భాషలోనే ఈ చరిత్ర కొంత ఉంది. కంచె అంటే చేను చుట్టూ కట్టే అడ్డు. తెలంగాణలో పశువులు మేసే గడ్డి నేలను 'కంచ' అంటారు. హైదరాబాదు పక్కన ఉన్న కంచ గచ్చిబౌలి పేరులో ఇప్పటికీ ఆ మాట వినిపిస్తుంది. దొడ్డి అంటే పశువుల్ని రాత్రి తోలిపెట్టే చోటు. ఊరంటే మొదట నాలుగిళ్ళు, నాలుగు దొడ్లు.

ఇనుప తీగ రాకముందు కంచె అంటే కంపే. తుమ్మ కంప, రేగు కంప కొట్టుకొచ్చి, మొదళ్ళు లోపలికి, ముళ్ళు బయటికి ఉండేలా పేర్చి, మీద రాళ్ళు పెట్టేవారు. గొర్రెల మందను పొలంలో ఎరువు కోసం రాత్రిళ్ళు నిలిపేటప్పుడు కాపరులు కంపతోనో వలతోనో చుట్టూ అడ్డు కట్టి, కుక్కల్ని కాపలా పెట్టి, మంద పక్కనే పడుకునేవారు. తోడేళ్ళ భయం ఎక్కువ ఉన్న చోట చిన్న పిల్లల్ని పెద్ద గంపల కింద మూసేవారు.

ఇంటి దగ్గర కోళ్ళకు రెండు రక్షణలుండేవి. ఒకటి గంప. పొదిగి లేచిన కోడిని పిల్లలతో సహా కొన్నాళ్ళు గంప కింద పెట్టి, కాసేపు వదిలి, గద్ద నీడ పడగానే మళ్ళీ మూసేవాళ్ళం. రెండోది గూడు. ఇంటి గోడకు ఆనించి మట్టితోనో రాళ్ళతోనో కట్టిన చిన్న అర, దానికి ఒక పలకో బండరాయో తలుపు. పొద్దుగూకితే కోళ్ళే వచ్చి దూరుతాయి. లెక్కపెట్టి బండ మూయడం ఇంటి ఆడవాళ్ళ పని.

ఈ పద్ధతిని చిన్నచూపు చూడొద్దు. కంప కంచె పగటిపూట పశువును లోపల ఉంచడానికి. గూడు రాత్రిపూట వేటజంతువును బయట ఉంచడానికి. రెండు పనులకు రెండు ఏర్పాట్లు. మన పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. తర్వాత వచ్చిన కంచెలు చాలావాటిలో ఈ తేడా కలిసిపోయింది, నష్టం అక్కడే మొదలైంది.

కంపకు లోటు కూడా ఉంది. చెద తింటుంది, వానకు కుళ్ళుతుంది, ఎండాకాలం నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. ఏటా కొత్తగా కొట్టాలి, మోయాలి, పేర్చాలి. చేతులకు గుచ్చుకున్న ముళ్ళు తీసుకుంటూ ఆ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలే. దానికి కూలి కట్టినవాళ్ళు లేరు, లెక్క రాసినవాళ్ళూ లేరు.

పచ్చి కంచె వచ్చింది

ఏటా కంప కొట్టే బాధ లేకుండా మొక్కల్నే కంచెగా పెంచితే? ఈ ఆలోచన పాతదే. అందులో బాగా వాడుకలోకి వచ్చిన రెండు మొక్కలు మన నేలవి కావు. పడగల్లాంటి మట్టలుండే నాగజెముడు, రంపపు అంచుల కిత్తనార రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. కిత్తనారను రైలు పట్టాల వెంట కూడా కంచెగా నాటారు. మట్ట విరిచి పాతితే చాలు, నీళ్ళు పోయకపోయినా బతుకుతాయి.

ముళ్ళ మొక్కల కంచె ఎంత పెద్దదిగా పెంచవచ్చో ఇంగ్లీషువాళ్ళు చేసి చూపించారు. కానీ ఎవరి మీద? ఉప్పు పన్ను ఎగ్గొట్టి ఉప్పు దాటించేవాళ్ళను ఆపడానికి సింధు నది వైపు నుంచి ఒరిస్సా వైపు దాకా ఒక సుంకం గీత గీశారు. దానిలో వందల మైళ్ళ పొడవున తుమ్మ, రేగు, వాక, జెముడు మొక్కలతో గుర్రం కూడా దాటలేని కంచె పెంచారు. తర్వాత 1885లో కాంగ్రెస్ స్థాపనలో ముందున్న ఏ.ఓ. హ్యూమ్ ఆ కంచెను పెంచిన అధికారుల్లో ఒకడు. దాని కాపలాకు ఒక దశలో దాదాపు 14 వేల మంది పనిచేశారు. అంతమంది ఉన్నా చెద, నిప్పు, మిడతలు కంచెను తింటూనే ఉన్నాయి. 1879లో ఆ గీతను ఎత్తేశారు. కంచె ఎండిపోయింది. నాటితే సరిపోదు, రోజూ చూసుకునే చేతులు కావాలన్న సంగతి అక్కడా తేలింది.

నాగజెముడు కథ ఇంకా విచిత్రం. అది కంచె దాటి పొలాల్లోకి, బీళ్ళలోకి పాకింది. పాములకు, నక్కలకు అదే నీడ అయింది. అడ్డుకోవాల్సినవాటికే ఆశ్రయం ఇచ్చింది. కంచే చేను మేసినట్టు అంటామే, అలా. చివరికి 1926లో సింహళం నుంచి ఒక రకం పురుగును దక్షిణ భారతానికి తెచ్చి వదిలారు. తెల్లటి దూదిలా జెముడు మట్టల మీద పట్టి రసం పీల్చే పురుగు అది. కొన్నేళ్ళలోనే పెద్ద పెద్ద జెముడు పొదలు కూలిపోయాయి. రైతుకు పొలం దక్కింది. అయితే ఆ పొదనే కంచెగా నమ్ముకున్న పెరళ్ళు మళ్ళీ బోసిపోయాయి.

ఆ ఖాళీలోకి సర్కారు తుమ్మ వచ్చింది. ఇదీ అమెరికా ఖండపు చెట్టే. వంటచెరకు కోసం 1870లలో కడప జిల్లా వైపు నాటించారు. ఇప్పుడు చెరువు గట్ల మీద, పోరంబోకుల్లో ఎక్కడ చూసినా అదే. కంప కోసం అడవికి పోనక్కర్లేకుండా చేసింది, నిజమే. కానీ ఊరి పక్కనే గుబురుగా పెరిగి నక్కలకు, అడవి పందులకు పగలంతా దాక్కునే చోటు కూడా ఇచ్చింది. చీకటి పడితే అక్కడి నుంచి మన గూటికి పది అడుగులే దూరం.

తలకు ఇంత అని బహుమానం

కంచెతో పని లేకుండా జంతువునే లేకుండా చేస్తే పోలేదా అన్న ఆలోచన కూడా ఈ దేశంలో నడిచింది, అదీ సర్కారు ఖజానా నుంచి డబ్బు ఖర్చుపెట్టి. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో పులిని, చిరుతను, తోడేలును చంపి తోలు చూపిస్తే బహుమానం ఇచ్చేవారు. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ సర్కారు కాగితాల నుంచి తీసిన లెక్క ప్రకారం 1875 నుంచి 1925 దాకా 50 ఏళ్ళలో బహుమానాల కోసం 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, 2 లక్షల తోడేళ్ళు చచ్చాయి.

ఆ లెక్క ఎంత పెద్దదో చూడండి. మరి పల్లెల్లో కోళ్ళు, మేకపిల్లలు పోవడం ఆగిందా? ఆగలేదు. ఎందుకంటే పెరట్లో కోడిని పట్టేది పులి కాదు. గుంటనక్క, అడవి పిల్లి, ముంగిస, పునుగుపిల్లి, గద్ద, ఊరకుక్క. వీటి తలకు బహుమానం కట్టినా తరిగేవి కావు. ఒకటి పోతే ఆ చోటికి ఇంకొకటి వస్తుంది. గూడు తలుపు వదులుగా ఉన్నన్నాళ్ళు వస్తూనే ఉంటాయి.

ఇంకో సంగతి. ఎలుకల్ని, పందికొక్కుల్ని తినేది కూడా ఈ నక్క, ఈ పిల్లి, ఈ ముంగిసే. వాటిని విషం పెట్టి చంపిన చోట గాదెలో గింజల మీద ఎలుకల పెత్తనం పెరుగుతుంది. విషం పెట్టిన మాంసాన్ని మొదట తినేది మన ఇంటి కుక్కే కావచ్చు.

మగ్గాన్ని చూసి పుట్టిన జాలీ

ఇప్పుడు మన హార్డ్‌వేర్ షాపుల్లో చుట్టలుగా దొరికే, ఆరు మూలల గళ్ళున్న కోళ్ళ జాలీకి ఒక పుట్టుక ఉంది. ఇంగ్లాండులో నార్విచ్ అనే ఊరు నేతకు పేరుపొందింది. అక్కడి ఇనుప సామాన్ల వ్యాపారి చార్లెస్ బర్నార్డ్ 1844లో, బట్ట నేసే యంత్రం పద్ధతిని చూసి, దారం బదులు ఇనుప తీగతో నేసే యంత్రం తయారు చేశాడు. చేనేత ఇళ్ళ నుంచి వచ్చిన అక్కలు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. కోళ్ళ జాలీ కూడా నేత నుంచి పుట్టిందేనని వాళ్ళు గర్వంగా చెప్పుకోవచ్చు.

ముళ్ళ తీగ దాని తర్వాత వచ్చింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ 1874లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ముళ్ళను ఒకే తీరుగా మెలిపెట్టడానికి తన భార్య లూసిండా వంటింట్లో కాఫీ గింజలు పొడి చేసే మరను వాడాడని ఒక కథ చెప్పుకుంటారు. పేటెంటు మీద పేరు మాత్రం ఆయనదే.

ఈ రెండు తీగలూ మన పల్లెలకు వచ్చాక ఒక పొరపాటు అవగాహన పాతుకుపోయింది. ఇనుము కదా, ఇక భయం లేదు అనుకుంటాం. కానీ ముళ్ళ తీగను కనిపెట్టింది ఆవుల్ని, ఎద్దుల్ని ఆపడానికి. పెద్ద ఒళ్ళున్న పశువుకు ముల్లు తగిలి వెనక్కి తగ్గుతుంది. ముంగిస, నక్క, పిల్లి వరసల మధ్య నుంచి దర్జాగా నడిచిపోతాయి. కోళ్ళ జాలీ కోడిని లోపల ఉంచడానికి బాగా పనికొస్తుంది. అయితే దాని తీగ సన్నం. కుక్క పళ్ళతో లాగితే, తుప్పు పట్టాక నక్క తవ్వి నెడితే చిరిగిపోతుంది. గళ్ళు పెద్దవైతే ముంగిస, పాము అందులోంచే దూరతాయి. కోడిని లోపల ఉంచే జాలీ వేరు, వేటజంతువును బయట ఉంచే జాలీ వేరు. రెండో పనికి తీగలు కలిసిన ప్రతిచోటా అతుకు వేసిన వెల్డ్ మెష్ కావాలి. గడి అర అంగుళానికి మించకూడదు.

చట్టం మారింది, కరెంటు తీగ వచ్చింది

తలకు బహుమానం ఇచ్చిన దేశంలోనే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఒకప్పుడు చంపితే డబ్బులిచ్చిన చిరుత, తోడేలు రెండూ ఈనాడు ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చంపితే, ఉచ్చు పెట్టి పట్టినా, జైలు. ఇది మనకు వ్యతిరేకంగా వచ్చిన చట్టమని కొందరంటారు. అలా చూడనక్కర్లేదు. మేకను చిరుత చంపితే అటవీ శాఖ నుంచి నష్టపరిహారం అడిగే వీలుంది. అయితే కళేబరాన్ని అక్కడే ఉంచి, వెంటనే అటవీ సిబ్బందికి చెప్పి, పశువైద్యుడితో చూపించి, కాగితం రాయించుకోవాలి. పాతిపెట్టాకో, అమ్మేశాకో వెళితే చేతికేమీ రాదు. ఈ సంగతి ప్రతి గ్రామ సంఘంలో అందరికీ తెలియాలి.

అదే కాలంలో పల్లెలకు కరెంటు వచ్చింది. దానితో అన్నిటికంటే ప్రమాదకరమైన కంచె వచ్చింది. అడవి పందుల కోసమని స్తంభం నుంచి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కట్టడం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ తీగలకు తగిలి రైతులు పోయారు, తెల్లవారుజామున బయటికెళ్ళిన కూలీలు పోయారు, పశువులు పోయాయి, చిరుతలూ పోయాయి. కంచె కట్టినవాడే మర్చిపోయి తన తీగకు తానే బలైన ఇళ్ళు కూడా ఉన్నాయి. అలా లాగడం నేరం. నేరం సంగతి పక్కన పెట్టినా, పెరట్లో పిల్లలు ఆడుకుంటారు. కోడి కోసం పిల్లను పణం పెట్టే తల్లి ఉండదు.

సోలార్ కంచె వేరు. దాని వెనక ఉన్న ఆలోచన న్యూజిలాండుది. 1930లలో బిల్ గలాఘర్ అనే ఆయన, గుర్రం తన కారుకు ఒళ్ళు రుద్దుకోకుండా కరెంటు షాక్ ఏర్పాటు చేశాడని, అక్కడి నుంచి కంచె యంత్రం పుట్టిందని చెబుతారు. ఈ యంత్రం తీగలోకి కరెంటును ఎడతెగకుండా వదలదు. సుమారు సెకనుకు ఒకసారి, కన్ను మూసి తెరిచేంత సేపు కూడా కాకుండా, ఒక్క దెబ్బ వదులుతుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. స్తంభం తీగ పట్టుకుంటే వదలనివ్వదు. సోలార్ తీగ వదిలేసేలా చేస్తుంది. తేడా అదే. కానీ కంపెనీ యంత్రం లేకుండా, ఎవరో అతికించిన పెట్టెతో సోలార్ కంచె అంటే నమ్మొద్దు. తీగకు గడ్డి తగిలితే దెబ్బ పలచబడుతుంది కాబట్టి గడ్డి కోస్తూ ఉండాలి. చేనుకైతే ఇది మేలు. నాలుగు కోళ్ళ పెరటికి గట్టి గూడు చాలు.

సగం కంచె, నిండు నష్టం

పగలు మేతకు వదిలిన మేకల్లో ఒకదాన్ని తోడేలు పట్టిందంటే మిగతావి పారిపోతాయి. అదే తోడేలు, అదే కుక్కల గుంపు, రాత్రి దొడ్డిలోకి దూరిందంటే పది, పదిహేను చచ్చి పడి ఉంటాయి. తినేది ఒకటో రెండో. మిగతావి ఎందుకు చంపింది? కసితో కాదు. పారిపోవడానికి దారిలేక గిలగిలలాడే పశువు కళ్ళ ముందుంటే వేటజంతువు పట్టడం ఆపదు. నక్క గూట్లో దూరినా ఇదే జరుగుతుంది. అంటే, లోపలికి రానిచ్చే కంచె అసలు కంచె లేకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. దొడ్డి మన పశువులకే బోను అవుతుంది.

ఈ పాఠాన్ని బాగా అర్థం చేసుకుని పనిలో పెట్టినవాళ్ళు లడఖ్‌లో ఉన్నారు. అక్కడ మంచు చిరుత రాళ్ళ గోడ దూకి, కప్పు లేని దొడ్డిలోకి దిగి, ఒక్క రాత్రిలో గొర్రెలు, మేకలు ఎన్నిటినో చంపేసేది. ఆ కోపంతో దాన్ని చంపేవారు. 2000 తర్వాతి ఏళ్ళలో హెమిస్ నేషనల్ పార్కు ఊళ్ళలో స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ అనే సంస్థ ఊరివాళ్ళతో కలిసి ఈ దొడ్లను బాగుచేసింది. పద్ధతి చాలా సాదాది. గోడ ఎత్తు పెంచారు, పైన దూలాలు వేసి ఇనుప జాలీ పరిచారు, సందు లేకుండా మూసుకునే తలుపు పెట్టారు. రాయి, మట్టి, శ్రమ ఊరిది. జాలీ, కలప, తలుపు సంస్థది. అదే ఊళ్ళలో 2002 నుంచి ఇళ్ళల్లో అతిథుల్ని ఉంచుకునే హోమ్‌స్టేలు మొదలయ్యాయి. వాటిని ఎక్కువగా నడిపేది ఆడవాళ్ళే. మంచు చిరుతను చూడ్డానికి వచ్చిన యాత్రికుల డబ్బు ఇప్పుడు వాళ్ళ చేతికి వస్తోంది.

మనకు మంచు చిరుత లేదు. కానీ శ్రీశైలం, శేషాచలం, ఆదిలాబాదు అడవుల అంచు ఊళ్ళలో చిరుత ఉంది. గోడ ఎంత ఎత్తున్నా దూకుతుంది. దానికి మందు గోడ కాదు, కప్పు.

కోడి మారింది, మంద పెరిగింది

మన నాటుకోడికి తనను తాను కాపాడుకునే తెలివి ఉంది. రంగు మట్టిలో కలుస్తుంది, ప్రమాదం అనిపిస్తే చెట్టెక్కుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసినప్పుడు కూడా ఈ సంగతి మనసులో పెట్టుకుంది. అందుకే అవి ఫారం కోళ్ళలా తెల్లగా కాక రంగురంగుల ఈకలతో ఉంటాయి. అయినా బాగా బరువెక్కిన కోడి నాటుకోడంత చురుగ్గా చెట్టెక్కలేదు. చెట్టు మీద పడుకునే కోడిని పెంచినప్పుడు ఎలాగో గడిచిపోయింది. ఇప్పుడు గూడు తప్పనిసరి.

గొర్రెల విషయంలోనూ ఇంతే. తెలంగాణలో 2017లో మొదలైన పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఒక్కసారిగా 21 జీవాలు ఇంటి ముందు దిగాయి. మందతో రాత్రంతా పడుకునే కాపరి, కుక్కలు లేని ఇంట్లో అవి ఎక్కడ పడుకోవాలి? యూనిట్ ధర అందరికీ గుర్తుంది. దొడ్డికి ఎంత ఖర్చైందో చెప్పమంటే చాలా ఇళ్ళలో సమాధానం దొరకదు. ఉన్న కంపతో, పాత చీరలతో, విరిగిన మంచపు పట్టెలతో కట్టుకున్నదే దొడ్డి.

ఎవరు ఎటు నుంచి వస్తారు

ఇంత చరిత్ర చూశాక మనం చేయాల్సింది నాలుగే నాలుగు ప్రశ్నలు వేసుకోవడం.

కింద నుంచి ఎవరొస్తారు? నక్క, కుక్క, ముంగిస, పందికొక్కు తవ్వుతాయి. గోడ మొదట్లో జాలీని అడుగు లోతు పాతాలి. లేదంటే బయటివైపు అడుగు వెడల్పు నేల మీద పరిచి రాళ్ళు, మట్టి వేయాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, కింద జాలీ తగిలితే విసిగి పోతుంది.

సందులోంచి ఎవరొస్తారు? ముంగిస, పాము, పునుగుపిల్లి పిల్లలు. వేలు పట్టే సందు ఉంటే అది సందే. తలుపు కింద, చూరు కింద, గోడ మూలల్లో చెయ్యి పెట్టి చూడాలి.

పై నుంచి ఎవరొస్తారు? పగలు గద్ద, డేగ. రాత్రి అడవి పిల్లి, పునుగుపిల్లి, అడవి దగ్గరైతే చిరుత. గూటికి, దొడ్డికి కప్పు ఉండాలి. గూటి మీదికి ఒరిగిన చెట్టు కొమ్మ నరికేయాలి.

తలుపులోంచి ఎవరొస్తారు? అన్నీ వస్తాయి. ఎంత మంచి జాలీ ఉన్నా పొద్దుగూకాక తలుపు మూయడం మర్చిపోతే ఆ కంచె లేనట్టే. గడియ గట్టిదిగా ఉండాలి, పాత చున్నీతో కట్టిన తలుపును కుక్క ముట్టెతో నెడితే తెరుచుకుంటుంది. పొద్దున కోళ్ళను వదిలేముందు, సాయంత్రం మూసేముందు లెక్కపెట్టడం అలవాటు చేసుకోవాలి. ఇక గూటి చుట్టూ పది అడుగుల మేర సర్కారు తుమ్మ, పొదలు లేకుండా కొట్టేస్తే దాక్కుని వచ్చేవాటికి ధైర్యం తగ్గుతుంది. చచ్చిన కోడిని, మాంసం వ్యర్థాన్ని పెరటి వెనక పారేయొద్దు. అది పిలిచి విందు పెట్టినట్టే.

కంచె కూడా పెట్టుబడే

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం తర్వాత ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఆ రూపాయి కూలి డబ్బులోంచి, పాలు, గుడ్లు అమ్మిన డబ్బులోంచి కూడబెట్టింది. ఆ రూపాయికి అప్పటిదాకా ఎవరూ విలువ కట్టలేదు. మనం పుస్తకంలో రాయడం మొదలుపెట్టాకే బ్యాంకు దానికి విలువ కట్టింది. లెక్కలోకి ఎక్కినదానికే విలువ వస్తుందని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

పెరటి కంచె కూడా అలాంటిదే. కంప మోసిన చేతులకు, గూడు అలికిన చేతులకు, రాత్రి మధ్యలో కోళ్ళు అరిస్తే లాంతరు పట్టుకుని బయటికి పరిగెత్తిన కాళ్ళకు ఏ లెక్కలోనూ చోటు లేదు. అది ఇంటి పని అనుకున్నారు. కానీ ఆ పని లేకపోతే అప్పు తీసుకుని కొన్న కోడి బతకదు, వాయిదా రాదు. పొదుగుతున్న ఒక్క కోడిని పిల్లి పట్టిందంటే కోడి ఒక్కటే పోదు. 21 రోజుల పొదుగుడు పోతుంది, గుడ్లన్నీ పోతాయి, ఆ పిల్లలు పెరిగి పెట్టాల్సిన గుడ్లూ పోతాయి.

అందుకని గ్రామ సంఘాలకు మేం ఈ ఏడాది పెడుతున్న మాటలు ఇవి. కోళ్ళకు, మేకలకు, గొర్రెలకు సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు జీవాల ధర కింద ఒక గీత గీసి 'గూడు, కంచె' అని ఇంకో పద్దు రాయాలి. ఇరవై కోళ్ళకు డబ్బు అడిగే అక్క పదిహేను కోళ్ళు తీసుకుని, మిగతా డబ్బుతో వెల్డ్ మెష్, కప్పు, గడియ కొనుక్కుంటే తప్పు లేదు. గూడు సిద్ధమయ్యాకే జీవాలు దిగాలి. జాలీ చుట్ట ఒక ఇంటికి ఎక్కువైతే నలుగురు కలిసి కొని పంచుకోవచ్చు. చుట్టగా కొంటే ధర కూడా తగ్గుతుంది. వేటజంతువుల వల్ల పోయిన జీవాలను నెలనెలా సమావేశం మినిట్స్ పుస్తకంలో రాయాలి: ఎప్పుడు, ఏ జంతువు, ఎటు నుంచి దూరింది, ఎన్ని పోయాయి. ఏడాది గడిస్తే ఆ రాతలే మన ఊరికి ఏ గూడు కావాలో చెబుతాయి. నష్టపరిహారం అడిగేటప్పుడు కూడా అవి అక్కరకొస్తాయి.

కరెంటు తీగ వద్దు. విషం వద్దు. ఉచ్చు వద్దు. అడవి జంతువుకు దాని బతుకు ఉంది, మన కోడికి మన తలుపు ఉంది. వచ్చే ఏడాది నివేదికలో ఈ లెక్కకు కూడా ఒక గడి ఉండాలని, అందులోని అంకె ఏటా తగ్గుతూ రావాలని కోరుకుంటున్నాం. ఈ రాత్రికి మాత్రం, పడుకునే ముందు ఒక్కసారి వెళ్ళి గడియ పడిందో లేదో చూడండి.